ట్రామ్‌లో కత్తిపీట

మాంచెస్టర్‌లో నర్సుగా చేసే మా చెల్లెలు సునీత కోసం ఊరి నుంచి కత్తిపీట పట్టుకెళ్లాను. ఆ ఆదివారం చర్చిలో వంట మా వంతు. దాన్ని తువ్వాలులో చుట్టుకుని ఇద్దరం ట్రామ్ ఎక్కాం.

ఎదుటి సీట్లో ఒక తెల్ల ముసలాయన పేపరు చదువుతున్నాడు. మొదటి పేజీలో అమెరికాలో తుపాకీ హక్కుల ర్యాలీ ఫొటో ఉంది. జనం భుజాన రైఫిళ్లతో నిలబడ్డారు. వాళ్లలో తీవ్రవాదులు కలుస్తారేమోనని అక్కడి పోలీసులకు భయమట.

ఇంతలో తువ్వాలు జారి కత్తి బయటపడింది. ఆయన పేపరు దించాడు.

"అలాంటిది బయట తిప్పకూడదమ్మా. పోలీసులు పట్టుకుంటారు."

సునీత ముఖం పాలిపోయింది. "అక్కా, కేసయితే నా ఉద్యోగం పోద్ది."

"వంకాయలు కోయడానికండీ," అన్నాను వచ్చీరాని ఇంగ్లీషులో. "మేం పీట మీద కూర్చుంటాం. కత్తి కదలదు. వంకాయే దాని దగ్గరికి వస్తుంది."

ఆయన కాసేపు ఫొటోను, కాసేపు కత్తిని చూశాడు. "వీళ్లనైతే ఎవరూ పట్టుకోరు," అన్నాడు.

దిగేముందు ఆ మొదటి పేజీనే చించి కత్తికి చుట్టి ఇచ్చాడు. రైఫిళ్లవాళ్ల చాటున మా కత్తిపీట క్షేమంగా చర్చికి చేరింది.