అద్దం మీద సుద్దగీత

పాత బస్టాండులో ప్రయాణికుల సంచులు దాచే గది సామాన్లక్కది. ఆ గది బల్ల ఎవరో ఆరడుగుల మగాడి కోసం కట్టినట్టు ఆమె గడ్డం దాకా వస్తుంది. స్టూలు ఇప్పించమని ఆఫీసులో అడిగితే, "కొత్త బిల్డింగు వస్తోందిగా, ఓపిక పట్టమ్మా" అన్నారు. ఫ్యాను అడిగినా అదే మాట. పైకప్పు కారుతోందన్నా అదే మాట. ఆ మాట అన్నవాళ్లు రిటైరై వెళ్లిపోయారు. ఆమె మాత్రం పండ్ల పెట్టె బోర్లించి దాని మీద నిలబడి, కాళ్లు వాచినా కిక్కురుమనకుండా, వచ్చిన ప్రతి సంచి మీదా సుద్దతో గీత గీసి అరలో పెడుతూ వచ్చింది.

ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, ఇంట్లో మొగుడి చెప్పుల మీదా ఓసారి గీసేసింది.

"నన్నూ అరలో పెట్టేస్తావేంటే?"

"తీసుకెళ్లేవాళ్లుంటే ఎందుకు పెట్టను!"

మొన్న ఆ కొత్త బిల్డింగు నిజంగానే వచ్చింది, బొమ్మగా. టికెట్ల కిటికీల ఎదుట అద్దాల పెట్టెలో పెట్టారు. సామాన్లక్క ఆగలేకపోయింది. గదికి తాళం వేసి, టీ కొట్టు బాబాయిని వెంటేసుకుని పరుగున వెళ్లింది. నేలకింద బస్సులు, పైన దుకాణాలు, ఆపైన ఆఫీసులు, అగ్గిపుల్లంత మనుషులు! చుట్టూ తిరిగి చూసింది. వంగి చూసింది. ఒక్కరి చేతిలోనూ సంచి లేదు.

"సంచి లేకుండా వీళ్లెక్కడికి పోతున్నారు బాబాయ్?"

"షాపింగుకే తల్లీ. ఊరెళ్లే మొహం ఒక్కటీ కనపడట్లేదు."

బొమ్మ దగ్గర ఆ బిల్డింగు కట్టే కంపెనీ అమ్మాయి నిలబడి ఉంది.

"నా గదెక్కడమ్మా? సామాన్ల గది?"

అమ్మాయి వెతికింది. "ప్లాన్లో లేదాంటీ."

"కూచునే బెంచీలో?"

"కాఫీ షాపుల్లో కూచోవచ్చు."

"కాఫీ తాగనివాళ్లు?"

అమ్మాయి గొంతు తగ్గించింది. "నేనూ అదే అడిగానాంటీ. జనం అభ్యంతరం చెబితే మారుస్తామన్నారు. ఇంతవరకూ ఒక్కరూ చెప్పలేదు."

సామాన్లక్క అద్దానికి చెయ్యి ఆనించి తన గది ఉండాల్సిన చోటు చూస్తూ ఉండిపోయింది. ఆ ధ్యాసలో చేతిలోని సుద్దముక్క తన పని తాను చేసేసింది. అద్దం మీద తెల్లటి గీత! ఆమె నాలుక కరుచుకుంది. అమ్మాయి తుడవడానికి గుడ్డ అందుకుని, అంతలోనే ఆగింది.

"ఏం గుర్తాంటీ ఇది?"

"దీని మనిషి తిరిగొస్తాడు, ఎవరూ కదపకండి అని."

అమ్మాయి గుడ్డ కింద పెట్టేసింది. బాబాయి సుద్ద లాక్కుని బొమ్మలో లేని తన టీ పొయ్యి కోసం అద్దం మీద ఇంకో గీత గీశాడు. చంకలో పిల్లాణ్ణి ఎత్తుకున్న ఒకామె ఆడవాళ్ల మరుగుదొడ్డి ఎక్కడని వెతికి వెతికి, దొరక్క తనూ గీసింది. సాయంత్రానికి అద్దంలోంచి బిల్డింగు సరిగ్గా కనపడలేదు.

రేపో మాపో ఎవరో పెద్దసారు వచ్చి ఆ అద్దం తుడిపిస్తారు. గీతలు తుడిస్తే పోతాయి, రాసిచ్చిన అభ్యంతరం అంత తేలిగ్గా పోదు. బొమ్మ ఈ నెలాఖరు దాకా అక్కడే ఉంటుంది, అభ్యంతరాలిచ్చే గడువూ అంతవరకే. వెళ్లండి. సంచీ పిల్లలూ వెంట ఉన్న రోజున మీరెక్కడ కూచుంటారో అందులో వెతకండి. కనపడకపోతే ఆ అమ్మాయికి రాసివ్వండి. అలాగే సామాన్లక్క స్టూలు సంగతి కూడా అడగండి. "కొత్త బిల్డింగు వస్తోందిగా" అంటారు. ఈసారి మీరు ఒప్పుకోకండి.