పెట్రోలు వాసన

కారు ట్యాంకులోంచి పెట్రోలు పంపు తీయాలంటే పెద్ద మెకానిక్ తొందరపడడు. షెడ్డు తలుపులు బార్లా తెరిచి, బ్యాటరీ వైరు ఊడదీసి, ట్యాంకు మూత తిప్పి లోపలి ఆవిరి పోనిస్తాడు. తర్వాత నడుం పట్టుకుని ఉస్సురంటూ వెనక సీటు తీసి, దాని కింద ఉండే పంపు మీదికి వంగుతాడు. యాభై ఎనిమిదేళ్ల నడుం అది. మొన్న మధ్యాహ్నం గాలికి తలుపులు ఎప్పుడు మూసుకుపోయాయో చూసుకోలేదు. పంపు సగం పైకి వచ్చింది. అన్నం క్యారేజీతో వచ్చిన భార్య తలుపు తోసి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఇంత ఘాటులో ఎలా ఉన్నారండీ? కళ్లు మండిపోతున్నాయి!"

ఆయన పంపును మెల్లగా కిందికి దించి, ఆమె చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు. మెట్టు మీద కూలబడ్డాడు.

"నాకు వాసన తెలీడం లేదే. ఆ జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచీ."

"ఆర్నెల్లయింది కదండీ! మరి రోజూ కూర ఘుమఘుమలాడుతోందని అంటున్నారే?"

"పొయ్యి దగ్గర చెమటలు కక్కుతూ నిలబడతావు. ఇంకేమనను?"

ఆమె వెళ్లి రెండు తలుపులకూ ఇటుకలు అడ్డం పెట్టి వచ్చి, ఆయన పక్కన కూర్చుంది.

"వాసన పోయాక నేను చెప్తాను. అప్పుడు లేద్దురు గాని."