తడిసిన బొంత

మేడ్చల్ బస్టాండు వెనుక సందులో స్వరూప మిషన్ కుడుతుంది. జాకెట్లకు ఆమెకు పేరుంది గాని, ఎండాకాలం చివర్లో హాస్టలు పిల్లల పనే ఎక్కువ. పాత చీరలు పొరలుగా పరిచి బొంతలు కుట్టి, మూలన పిల్లవాడి పేరు దారంతో కుడుతుంది. ఎన్ని ఉతుకులు పడ్డా ఊడని కుట్టు. ఆ ఏడు సొంత కొడుక్కి కూడా ఒక బొంత కుట్టింది.

అన్వేష్‌కు షామీర్‌పేట అవతల ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ సీటు వచ్చింది. తండ్రి రవీందర్ ప్లాట్లు చూపించే మనిషి. ఏ సైటుకు పోయినా ముందు కొడుకు సీటు సంగతి చెప్పి, తర్వాతే హద్దురాళ్లు చూపించేవాడు.

కాలేజీకి పోయే రోజులు దగ్గర పడ్డాక అన్వేష్ పక్క తడపడం మొదలుపెట్టాడు. మీసం వస్తున్న పిల్లవాడు. మొదటి పొద్దున బొంతను తానే బాత్రూంలోకి మోసుకుపోయి తలుపు వేసుకున్నాడు. రెండోసారి స్వరూప చూసింది. దండెం మీద వేస్తే పక్కింటివాళ్లకు కనబడుతుందని మేడ మీద ట్యాంకు వెనుక ఆరేసింది.

"హాస్టల్ భయం," అన్నాడు రవీందర్. "ఆడ గూడ గిట్లనే జేస్తే పోరగాండ్లు బతకనిస్తరా? పేరు పెడతరు. సదువయ్యేదాంక గా పేరుతోనే పిలుస్తరు."

"నీకు పదేండ్లొచ్చేదాంక నువ్వు జేసింది గదే గద!" అని తల్లి రాధమ్మ అతని నోరు మూయించింది. "నువ్వులు, బెల్లం దంచి ముద్దలు పెట్టిన, బందయింది. వీనికి గూడ గంతే. పొద్దుగూకినంక నీళ్లియ్యకుండ్రి."

రాధమ్మ వైద్యం ఆ ఇంట్లో ఎన్నడూ వమ్ము కాలేదు. స్వరూప నువ్వులు వేయించి దంచి, పొద్దునొకటి, మాపునొకటి ముద్ద తినిపించింది. చీకటి పడకముందే ఫ్రిజ్‌లోని బాటిళ్లు తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది.

"అమ్మా, నోరెండుతాంది."

"పుక్కిలిచ్చి ఉమ్మెయ్ బిడ్డా. గిన్ని రోజులే."

"ఒక్క గుక్క."

"పొద్దుగాల బొంత నువ్వు పిండుతవా, నేను పిండాల్నా?"

వాడు మళ్లీ అడగలేదు.

యూనిఫాం ప్యాంటు తొడిగి చూస్తే నడుం దగ్గర జారింది. కొలత తీసింది ఆమే. విప్పి, లోపలికి పట్టి కుట్టింది. కొన్నాళ్లకే మళ్లీ జారింది. మళ్లీ పట్టింది. "రంది పెట్టుకున్నడు పిల్లగాడు," అనుకొని ముద్ద ఇంకాస్త పెద్దది చేసింది. ఆరేసిన బొంతకు చీమలు బారులు కట్టాయి. బెల్లం చేతులతో పట్టుకున్నాడేమోనని దులిపింది. గుడ్డలో కనబడిన లోపాన్ని గుడ్డలోనే సరిచేయడం ఆమె చేతికి అలవాటు. లోపల మనిషే తరిగిపోతున్నాడని ఆ చేతికి తోచలేదు.

డాక్టరుకు చూపిద్దామని ఒకసారి అన్నది.

"ఏమని జెప్తవ్? గింత పోరడు పక్క తడుపుతాండని జెప్తవా?" అన్నాడు రవీందర్. "కాలేజోళ్లకు తెలిస్తే సీటు పోతది."

స్వరూప మళ్లీ మిషన్ ముందు కూర్చుంది.

బయల్దేరే రోజు పొద్దున పెట్టె కారులో పెట్టాక అన్వేష్ గడప దగ్గరే వాంతి చేసుకున్నాడు. ఊపిరి లోతుగా, గబగబా తీస్తున్నాడు. నోటి నుంచి మగ్గిన పండు వాసన. రాధమ్మ దిష్టి తీద్దామని ఉప్పు తెచ్చేలోపే వాడు పలకడం మానేశాడు. కారు షామీర్‌పేట వైపు కాకుండా ఆస్పత్రికి తిరిగింది.

నర్సు వేలు గుచ్చి రక్తం చూసి, పరుగున పోయి డాక్టరమ్మను పిలుచుకొచ్చింది.

"షుగరు. పిల్లల్లో వచ్చే రకం," అన్నది డాక్టరమ్మ. "ఒంట్లో నీళ్లే లేవు. దాహమని అడగలేదా?"

"అడిగిండు మేడం. మేమియ్యలే."

ఎందుకివ్వలేదో, ఏం తినిపించారో స్వరూప చెప్పింది. బెల్లం మాట చివరన చెప్పింది. డాక్టరమ్మ ఆమె ముఖం వైపు చూడకుండా సెలైన్ వేగం పెంచింది.

అన్వేష్ బతికాడు. బతికినన్నాళ్లూ సూదులు వేసుకోవాలని చెప్పి ఇంటికి పంపారు.

కాలేజీ వార్డెన్ ఫోన్ చేస్తే రవీందర్ దాని మీద చెయ్యి అడ్డుపెట్టి, "టైఫాయిడ్ అని జెప్పు," అంటూ స్పీకర్ పెట్టి ఫోను ఆమె చేతికిచ్చాడు.

"మా వానికి షుగరొచ్చింది సార్," అన్నది స్వరూప. "తిండికి ముందల సూది ఇయ్యాలె. పక్క తడుపుతుంటే మేం దాసిపెట్టినం. దాసినందుకే గింత దూరం వచ్చింది. సూది ఇచ్చేటోళ్లు ఎవరన్న ఉంటే జెప్పుండ్రి, నేనొచ్చి నేర్పిస్త."

వార్డెన్, "అమ్మా, మా దగ్గర నర్సు లేదు. ఏదన్న అయితే మా మీదికొస్తది. వెయిటింగ్‌ల ఉన్న పిల్లగానికి ఆ సీటిచ్చేస్తున్నం," అన్నాడు.

రవీందర్ చెప్పులు వేసుకొని బయటికి పోయాడు.

లోపలి గదిలో అన్వేష్ అంతా విన్నాడు.

"హాస్టల్‌ల నా మంచం ఎవనికిస్తున్నరంట?"

"పేరు జెప్పలే."

"పక్క తడిపిన ముచ్చట గూడ జెప్పినవ్."

"జెప్పిన."

వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. వంటింట్లో రాధమ్మ అన్నం వార్చింది. స్వరూప చేతులు కడుక్కొని, సూదిలోకి మందు ఎక్కించి, మంచం పక్కన నిలబడింది.

"ఇటు తిరుగు బిడ్డా."

వాడు తిరగలేదు. చొక్కా మాత్రం పైకి లేపాడు.