ఫ్రెంచి ఊళ్ళ దారిలో రెండు సైకిళ్ళు

లోయ అన్నాక రెండు పక్కలా కొండలుండాలి. పోనీ, ఒక పక్కనైనా ఉండాలి. విన్నిపెగ్ దాటి దక్షిణంగా, రెడ్ రివర్ వెంట సైకిలు తొక్కుతున్నంతసేపూ నేను కొండ కోసం వెతుకుతూనే ఉన్నాను. ఫోన్‌లో మ్యాప్ చూస్తే వ్యాలీ అనే ఉంది. కళ్ళెదురుగా మాత్రం చపాతీ పీటలాంటి నేల, దానిమీద పసుప్పచ్చగా ఆవచేలలాంటి కనోలా చేలు, ఎంత తొక్కినా దగ్గరికి రాని ఆకాశం. నది కూడా కనబడదు. దూరంగా చెట్ల వరస ఉంటే అక్కడ నది ఉన్నట్టు లెక్క. ఎడమచేతివైపు వదిలేసి వచ్చిన నది పది నిమిషాలయ్యాక కుడిచేతివైపు ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలీదు. వంతెన దాటిన గుర్తే లేదు.

"మనం వెనక్కి పోతున్నామేమో అక్కా," అన్నాను.

"ఎండ ఎడమచెంపమీదే ఉందిగా, ముందుకే వెళ్తన్నాం. తొక్కవే పిల్లా," అంది అక్క.

అక్క అంటే సొంత అక్క కాదు. విన్నిపెగ్‌లో ఒక ఇంటి బేస్‌మెంట్‌లో నలుగురం ఆడపిల్లలం అద్దెకుండేవాళ్ళం. అందరిలోకీ పెద్దది కాబట్టి ఆమెను అక్కా అనేవాళ్ళం. విమానం విమానమంతా విద్యార్థులతో నిండి వచ్చిన రోజులవి. కాలేజీలో ఏ వరండాలో నిలబడ్డా మన మాటలే వినబడేవి, బయట పనులు మాత్రం దొరికేవి కావు. నేను నల్లగొండ నుంచి వచ్చి ఐటీ డిప్లొమా చదువుతున్నాను. అక్కది కాకినాడ. రెండేళ్ళ కోర్సు పూర్తిచేసి, వర్క్ పర్మిట్ మీద ఒక గోడౌన్‌లో పెట్టెలు సర్దేది. ఆ పర్మిట్ నవంబరుతో అయిపోతుంది. ఈలోగా ఎవరైనా యజమాని పర్మనెంట్ ఉద్యోగం ఇస్తున్నట్టు లెటర్ ఇస్తే, ఇక్కడే స్థిరపడేందుకు పీఆర్‌కి అప్లై చేసుకోవచ్చు. ఇవ్వకపోతే ఇంటికి. గోడౌన్‌వాళ్ళు ఇవ్వలేమని తేల్చి చెప్పేశారు.

జులైలో ఒక ఆదివారం అక్క చర్చి నుంచి ఒక కాగితం తెచ్చింది. నోటీసు బోర్డు మీద ఉన్నదాన్ని చేత్తో రాసుకొచ్చింది. నగరానికి నలభై కిలోమీటర్ల దూరంలో, అందరూ ఫ్రెంచి మాట్లాడే పల్లెటూళ్ళో ఒక వృద్ధాశ్రమం ఉంది. దాని వంటింటికి మనిషి కావాలి. పర్మనెంట్, ఉండటానికి గది కూడా ఇస్తారు. అక్కకి ఈ ఉద్యోగం చెప్పి చేయించినట్టుంది. కాకినాడలో వాళ్ళమ్మ నడిపిన లేడీస్ హాస్టల్ మెస్‌లో పదిహేనో ఏట నుంచీ అక్కే గరిట తిప్పేది. పైగా ఎందుకు నేర్చుకుంటోందో మాకెవరికీ అర్థం కాకపోయినా, ఏడాదిగా బస్సులో వస్తూ పోతూ ఫోన్‌లో ఫ్రెంచి నేర్చుకుంటోంది.

ఆ ఊరికి బస్సు లేదు. మాకు కారు లేదు. టాక్సీవాడు చెప్పిన రేటుకి ఇద్దరం నవ్వుకున్నాం. అక్క దగ్గరొక పాత సైకిలుంది, నేనొకటి అడిగి తెచ్చుకున్నాను. పనిలో పనిగా నది ఒడ్డునున్న ఊళ్ళన్నీ చూసినట్టుంటుందని అక్క సరదా. నేను వెంట వెళ్ళడానికి వేరే కారణం ఉంది. కాల్‌సెంటర్‌లో పార్ట్‌టైమ్ చేసేదాన్ని కాబట్టి మా బేస్‌మెంట్ మొత్తానికీ ఇంగ్లీషు నాదే. ఇంటి ఓనర్‌తో, బ్యాంకుతో, డాక్టరు ఆఫీసుతో అందరి తరఫునా నేనే మాట్లాడేదాన్ని. అదేదో పెద్ద హోదా అన్నట్టు నాకు లోలోపల గర్వంగానే ఉండేది.

శనివారం పొద్దున్నే పులిహోర డబ్బా కట్టుకుని బయల్దేరాం. ఎదురుగాలి చంపేసింది. ఇరవై కిలోమీటర్లకే నా కాళ్ళు నావి కాకుండా పోయాయి. మొదటి ఫ్రెంచి ఊరి మొదట్లో స్టాప్ బోర్డుమీద ఇంగ్లీషుకు తోడు ఇంకేదో రాసి ఉంటే, ఆగాలో పోవాలో తెలియక రోడ్డు మధ్యలో నిలబడిపోయాను. ఊరి చుట్టూ నిలువెత్తు మట్టిగట్టు. పొలాల మధ్య ఊరికి గోడెందుకో నాకు అంతుపట్టలేదు. అక్క మాత్రం సైకిలు దిగి ఆ గట్టువైపు చూసి నవ్వింది.

"కరకట్ట," అంది. "ఏరు పొంగితే ఊళ్ళోకి రాకుండా వేశారు. మావైపు గోదారికి లేదూ?"

ఆ తర్వాత ఫోన్ సిగ్నల్ పోయింది. కంకర రోడ్లు నాలుగు దిక్కులా ఒకేలా ఉన్నాయి, ఎటు చూసినా అదే కనోలా. ట్రాక్టర్ బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన్ని నేను ఇంగ్లీషులో దారి అడిగాను. ఆయన ఫ్రెంచిలో ఏదో అన్నాడు. నేను మళ్ళీ ఇంగ్లీషులోనే, ఈసారి గట్టిగా అడిగాను. చెవిటివాడితో మాట్లాడినట్టు అరిచానని తర్వాత సిగ్గేసింది. అక్క నన్ను పక్కకు జరిపి, తడుముకుంటూ నాలుగు ముక్కలు ఫ్రెంచిలో అంది. ఆయన మొహం విప్పారింది. చేతులూపుతూ ఐదు నిమిషాలు చెప్పాడు. రెండో రోడ్డు దగ్గర ఎడమకి తిరగాలట, తెల్లచర్చి దాటాక ఇటుకల ఇల్లట. సరిగ్గా అక్కడే ఉంది. నాకు ఆశ్చర్యమూ, ఎందుకో కొంచెం కష్టమూ కలిగాయి. ఆ కష్టం ఏమిటో అప్పుడు ఆలోచించలేదు.

వృద్ధాశ్రమం నడిపే ఆవిడకి అరవై ఏళ్ళుంటాయి. కళ్ళజోడు జుట్టులోకి తోసుకుని, ఏప్రన్‌తోనే బయటికొచ్చింది. సైకిళ్ళమీద వచ్చామంటే నమ్మలేక రెండుసార్లు బయటికెళ్ళి వాటిని చూసొచ్చింది. లోపల కూర్చోబెట్టి చెరొక ప్లేట్‌లో పై అనే తీపి కేకు ముక్క పెట్టి, తినండి అంది. కడుపులో ఎలకలు పరిగెడుతున్నా, "అయ్యో, వద్దండీ, పర్వాలేదు," అన్నాను. అలాగే అని ఆవిడ ప్లేట్లు రెండూ తీసి లోపల పెట్టేసింది. నేను తెల్లబోయాను. రెండోసారి అడగకుండా పెట్టినదాన్ని తీసేసే మనుషులుంటారా అని నాకు ఒళ్ళు మండింది. అక్క ఆ ప్లేటు వెళ్ళినవైపే కాసేపు చూసింది.

తర్వాత ఆవిడ వంటిల్లు చూపించింది. పెద్ద పొయ్యిలు, మనిషి పట్టేంత గిన్నెలు. అక్క ఒక గిన్నె అంచుమీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి వెయ్యడంలోనే ఆమెకి పని వచ్చునని ఎవరికైనా తెలుస్తుంది.

ఆవిడ అక్కనే చూస్తూ, నిదానంగా ఇంగ్లీషులో అడిగింది. "ఇక్కడ నలభైమందికి వండాలి. మీకు అలవాటుందా?"

అక్క నోరు తెరిచేలోపే నేనందుకున్నాను. "ఏదో కొద్దిగా వచ్చండి. ఇంట్లో చేసుకునే వంటే." వంద మందికి వండిన మనిషి గురించి అన్నాను ఆ మాట. మన గొప్ప మనమే చెప్పుకుంటే ఏం బాగుంటుంది? అంత మాటనకండి, చూస్తే తెలుస్తోందిగా అని ఆవిడ అంటుందని ఎదురుచూశాను. ఆవిడ తలాడించి ఊరుకుంది.

"చలికాలంలో ఊరు మూసుకుపోయినట్టుంటుంది. ఒంటరిగా ఉండగలరా?" మళ్ళీ అక్కనే అడిగింది.

"మీరెలా అంటే అలాగేనండి," అన్నాను నేను.

ఆవిడ నావైపు ఒకసారి, అక్కవైపు ఒకసారి చూసింది. ఈసారి మరీ నిదానంగా, ఒక్కొక్క మాటా విడదీసి అడిగింది. "ఈ పని మీకు కావాలా?"

నిజం చెప్పొద్దూ, నాకు లోపల డప్పులు మోగాయి. ఉద్యోగం వచ్చేసినట్టే. ఇలాంటప్పుడు ఎగిరి గంతేసి, కావాలి అనేస్తే లోకువైపోమూ? పెళ్ళిచూపుల్లోనైనా, ఇల్లు కొనేటప్పుడైనా మా ఇంట్లో పెద్దవాళ్ళు అనే మాటే నా నోట్లోకి తన్నుకొచ్చింది.

"ఇంట్లో ఒకసారి అడిగి చెబుతాం," అన్నాను.

"తప్పకుండా. తొందరేం లేదు," అంది ఆవిడ. గుమ్మందాకా వచ్చి ఇద్దరితోనూ చేతులు కలిపింది.

తిరుగుదారిలో నది గట్టుమీద కూర్చుని పులిహోర తిన్నాం. చెట్లసందులోంచి నది కనబడింది, బురదరంగులో, కదులుతోందో లేదో తెలియనంత మెల్లగా. ఎటు పోతోందని అడిగితే ఉత్తరానికి అంది అక్క. నదులు సముద్రం వైపు కదా పోవాలి, ఉత్తరానికి ఏముందని నేను వాదించాను. అటూ సముద్రమే ఉందంది. నేను నమ్మలేదు. నీకు ఉద్యోగం వచ్చేసిందక్కా అంటే మాత్రం, "ఏమో మరి," అంది. సంతోషంగా ఉందో లేదో ఆ మొహంలో తెలియలేదు. అలిసిపోయిందేమో అనుకున్నాను.

రెండు రోజులు ఆగమన్నాను. మరుసటి రోజే ఫోన్ చేస్తే మరీ ఎగబడినట్టుంటుందని చెప్పాను. మంగళవారం అక్క గోడౌన్‌లో ఉండగా, కాలేజీ మెట్లమీద కూర్చుని నేనే ఫోన్ చేశాను. సాయంత్రం శుభవార్త చెప్పి ఆశ్చర్యపరుద్దామని నా ప్లాన్.

నిన్ననే వేరే ఆమెకి ఇచ్చేశానంది ఆవిడ.

తొందరేం లేదన్నారు కదా అన్నాను. గొంతు పైకి లేచింది. మేము సరేననే అన్నామని, మాలో సరే అనడం అలాగే ఉంటుందని గబగబా చెప్పాను. ఆవిడ అంతా విన్నది.

"నేను ఆమెని మూడు మాటలడిగాను," అంది మెల్లగా. "మూడింటికీ మీరే జవాబిచ్చారు. ఆమెకి ఇష్టం లేదేమో, మొహంమీద చెప్పలేక మిమ్మల్ని తెచ్చుకుందేమో అనుకున్నాను. ఆమె ఒక్కసారి అవునంటే చాలని ఎదురుచూశాను. ఇప్పుడు కాగితాలమీద సంతకాలైపోయాయి. క్షమించండి."

సాయంత్రం అక్క ఇంటికి రాగానే ఏదీ దాచకుండా చెప్పేశాను. ఏడ్చాను కూడా. ఆమె బూట్లు విప్పుతూ వింది. "పోనీలే, మనకి రాసిపెట్టి లేదు," అని స్నానానికి వెళ్ళింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత ఎన్నిచోట్ల అడిగినా లెటర్ దొరకలేదు. ఆ నాలుగు నెలలూ ఆమె నామీద ఒక్కసారి కూడా విసుక్కోలేదు. అదే నాకు బొత్తిగా మింగుడుపడలేదు.

నవంబరులో ఆమె వెళ్ళే ముందురోజు సూట్‌కేసులు సర్దుతున్నాం. ఇక ఆగలేక అడిగేశాను. "నాకంటే నీకే బాగా తెలుసు కదా అక్కా. దారి కూడా నువ్వే అడిగావు. ఆ రోజు నన్నెందుకు ఆపలేదు?"

అక్క చీర మడత పెడుతోంది.

"ఉండవే, నేను చెప్తా అందామనే అనుకున్నా. మూడోసారైతే మాట నాలికమీదకి వచ్చేసింది," అంది. "నలభై కిలోమీటర్లు నాకోసం తొక్కుకుంటూ వచ్చావు. పరాయిమనిషి ముందు నోర్ముయ్యమంటే నువ్వు చిన్నబోవూ?"

చీర సూట్‌కేసులో పెట్టి, జిప్ పడటం లేదు, కొంచెం మీద కూర్చోమంది. నేను కూర్చున్నాను.