అబద్ధానికి కట్టిన వేపమండలు

మా అంతస్తుకు కరోనా తెచ్చింది సరోజక్కేనని బర్మాలో, అహ్లోన్ పేటలో ఉన్న మా బిల్డింగంతా మొన్నటిదాకా అనేది. అది అబద్ధం. జబ్బు ముందు వచ్చింది మా నాన్నకి. ఆ సంగతి తెలిసీ నేను నోరు విప్పలేదు.

దెయ్యాలనీ మహిమలనీ నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. నమ్మని మనిషిగానే ఇది రాస్తున్నాను. నవ్వేవాళ్ళు నవ్వుకోండి.

సరోజక్కది మా ఎదురు వాటా. కరోనా రోగులను విడిగా ఉంచే వార్డులో నర్సు. కనబడినప్పుడల్లా టీకా వేయించుకోమనేది.

“మా నాయనమ్మకి మశూచికమొస్తే సూదులేటీ లేకండానే బతికింది. నాకేటవుద్దక్కా?” అన్నాను ఒకసారి.

“బతికిన ముసిల్దాన్ని సూసినావు. పోయిన ఆవిడ అక్కసెల్లెల్లని సూసినావేట్రా?” అంది.

నాన్నకి జ్వరం రాగానే పిలిస్తే పరిగెత్తుకొచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్దామంది. తీసుకెళ్తే మళ్ళీ మొహం చూడనివ్వరని నా భయం. ఎవరికీ చెప్పొద్దని చేతులు పట్టుకున్నాను. చెప్పలేదు.

మర్నాడు గుమ్మానికి వేపమండలు కట్టాను. మాలో అలా కడితే ఇంట్లో అమ్మవారు పోసిందని అర్థం. బయటివాళ్ళు గడప తొక్కరు. మా పాపకి ఆటలమ్మ అని అందరికీ చెప్పాను. రోగుల పేర్లు రాసుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా మండలు చూసి వెనక్కి తిరిగారు.

మూడో రోజు మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీస్తే ఒక ముసలావిడ. పసుపు నీళ్ళలో ముంచిన చీర, మొహం నిండా మశూచి మచ్చలు. నాయనమ్మ పోయాక అలాంటి మొహం నేను చూడలేదు.

“పిలిసినావు కదరా నాయినా. ఏటి, గుమ్మంలోనే నిలబెట్టీసినావు?”

లోపల నాన్న దగ్గు వినబడుతుందేమోనని కంగారుపడ్డాను. “ఇక్కడ కాదవ్వా, ఆ ఇల్లు” అని సరోజక్క తలుపు చూపించాను. ఆవిడ నన్ను కాసేపు చూసి అటు తిరిగింది. నేను తలుపేసేశాను.

ఆ సాయంత్రమే సరోజక్కకి జ్వరం. తను పనిచేసే వార్డులోనే మంచం పట్టింది. ఆసుపత్రి నుంచి ఆమే మోసుకొచ్చిందని అందరూ అంటే నేను తలూపాను. బతికి తిరిగొచ్చేసరికి వాటా ఖాళీ చేయమన్నారు. లమ్మడా పేటకి వెళ్ళిపోయింది. మా నాన్న కోలుకున్నాడు.

ఆ రోజుల్లో మా వీధికి వెదుళ్ళు అడ్డం కట్టి ఉన్నాయి. కింద గేటు తాళం చెవి వాచ్‌మన్ కో తున్ దగ్గరే ఉండేది. ఎవరినీ లోపలికి వదల్లేదని ఒట్టేశాడు. నిద్రలేక ఏదో ఊహించుకున్నాననొచ్చు. కానీ వంటగదిలో ఉన్న నా భార్యకీ రెండు గొంతులు వినబడ్డాయి. “ఎవులా ముసిల్ది?” అని అప్పుడే అడిగింది. ఎవరో నాకు ఇవాళ్టికీ తెలియదు.

అమ్మవారితో ఆడుకుంటే ఇంతేనని కొందరంటారు. ఒప్పుకోను. సరోజక్కకి అంటుకున్నది మా నాన్న జ్వరం. ఆమె మీద పడ్డ నిందకి తలూపింది నేను. ఆ తప్పు అమ్మవారి మీదికి తొయ్యనివ్వను.

మొన్న మా గుడి పెద్దలు “అయిపోయింది కదేటి, ఇప్పుడెందుకు కెలుకుతావు?” అన్నారు. వినలేదు. సరోజక్కని రమ్మన్నాను. రానంది. రెండుసార్లు వెళ్ళి బతిమాలితే వచ్చింది. బిల్డింగు వాళ్ళందరి ముందు మొదట బర్మా భాషలో, తర్వాత మన మాటలో చెప్పాను:

“అక్కా, జబ్బు మా ఇంటి నుంచే నీకొచ్చింది. నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను. తప్పు నాది, నన్ను సెమించు.”