లవంగం గీసిన సున్నా

బీదర్‌లో మా చట్నీ బండికి ఊపిరి ఒక ఆడపిల్లల హాస్టల్. రోజూ పొద్దున్నే అక్కడికి రెండు డబ్బాల పల్లీ చట్నీ పోతుంది. నా భార్య నూరుతుంది, నేను మోస్తాను. మాటలు మాత్రం నావే.

ఆమె చట్నీలో లవంగాలు దంచి వేసేది. వాళ్ళ ఊరు ఖటక్ చించోళిలో వాళ్ళమ్మ పొలానికి సద్ది కట్టిన నాటి అలవాటు. ఒకరోజు నేను వాసన చూసి, "ఇది చట్నీనా, పంటి మందా? పిల్లలు పుక్కిలించి ఉమ్మేస్తరు" అన్నాను. ఆమె మరునాడు లవంగం మానేసింది. కోపానికి వెల్లుల్లి కూడా.

ఆ మధ్యాహ్నమే డబ్బాలు నిండుగానే తిరిగొచ్చాయి. మూత తీస్తే బుడగలు, పులిసిన వాసన. ఎవరూ తినలేదు, అదొక్కటే అదృష్టం. ఇంకోసారి ఇలా అయితే బంద్ అని వార్డెనమ్మ కబురు పంపింది.

మా బావమరిది కూతురు డిగ్రీలో సూక్ష్మజీవుల చదువు చదువుతోంది. ఆ చట్నీ కొంచెం పట్టుకుపోయింది. మూడో రోజు నన్ను కాలేజీ ల్యాబుకి పిలిచింది. ఏడో తరగతిలో బడి ఎగ్గొట్టినవాణ్ణి, మళ్ళీ చదువుల గడప తొక్కడం అదే. చెప్పులు బయట విడిచాను.

"మామా, ఇది గుడి కాదు."

చిన్న గాజు పళ్ళెం చూపించింది. మా చట్నీలోని క్రిములు దానిమీద పొగమంచులా తెల్లగా పెరిగి ఉన్నాయి. నడుమ రెండు కాగితపు బిళ్ళలు. నీళ్ళలో ముంచిన బిళ్ళ చుట్టూ మంచు అలాగే ఉంది. లవంగ నూనెలో ముంచినదాని చుట్టూ మాత్రం గుండ్రంగా, ఖాళీగా, కడిగినట్టుంది.

"సున్నా లెక్కుంది గద బిడ్డా."

"ఆడ క్రిములు పెరగలే మామా. లవంగం ఆపింది."

పంతుళ్ళు నాకు సున్నాలు చాలానే వేశారు. ఇంత అందమైనదాన్ని ఎవరూ వెయ్యలేదు. కంటికి కనబడని దండు, గోరంత లవంగం ముందు గీత దాటలేక ఆగిపోయింది. ఆ పళ్ళేన్ని వెలుతురుకి ఎత్తి ఎంతసేపు చూశానో.

"మురవకు," అంది పిల్ల. "పళ్ళెంల ఆపినట్టు డబ్బాల ఆపుతదని లేదు. పొద్దుగాల చేసింది పగటి బువ్వ టైముకే అయిపోవాలె. డబ్బాల చుట్టూ ఐసు పెట్టు."

ఇంటికొచ్చి, "లవంగం ఎయ్యి" అన్నాను.

"పంటి మందు గద," అంది నా భార్య.

"నాకు పండ్లు నొస్తున్నయ్."

మూతి ముడిచింది కానీ రోలు దగ్గరికి లాక్కుంది.

మరునాడు ఐసు పెట్టి పంపిన డబ్బాలు తిరిగొచ్చాయి. భయపడుతూ మూత తీశాను. ఊడ్చుకుని తిన్నారు. అడుగు గుండ్రంగా, ఖాళీగా మెరుస్తోంది.