ఆటోనగర్ పెట్టెలో దొరికిన కృష్ణ పదార్థం

మీలో ఎవరైనా విశ్వరహస్యం కనిపెట్టి, రసగుల్లాలు పంచి, ఆ రహస్యాన్ని మళ్ళీ వెనక్కి తీసుకున్నారా? నేను తీసుకున్నాను. విశాఖపట్నంలో, చొక్కా ఒంటికి అతుక్కుపోయే ఉక్కపోతలో. నా పరువు ఎలా మంటగలిసిందో ఇప్పుడు చెబుతాను. నన్ను చూసి ఎంతైనా నవ్వుకోండి. మా నాన్నను చూసి మాత్రం నవ్వకండి, ఊరుకోను.

అప్పట్లో నేను పరిశోధక విద్యార్థినిని. విశ్వంలో ఉన్న పదార్థంలో ఎక్కువ భాగం ఎవరి కంటికీ కనబడని కృష్ణ పదార్థమని శాస్త్రజ్ఞుల నమ్మకం. దాని కణం ఎప్పుడైనా వచ్చి ఒక స్ఫటికాన్ని తాకితే, ఆ స్ఫటికంలో చిన్న మెరుపు మెరవాలి. అలాంటి మెరుపును పట్టే కొత్తరకం స్ఫటికం కోసం నా పరిశోధనకు గైడైన మా మేడమ్, నేను ఏళ్ళ తరబడి కొలిమి ముందు కూర్చున్నాం. తీరా అది ఎంత పెరిగిందయ్యా అంటే, ఉసిరికాయంత! సముద్రపు గాలికి చెమ్మ పడుతుందని దానికి ఏసీ గది ఇచ్చి మేం ఫ్యాను కింద బతికాం.

చిక్కేమిటంటే, రాయి, ఇటుక, మనిషి, ఈ లోకంలో ఏదైనా సరే ఎంతో కొంత రేడియేషన్ వదులుతూనే ఉంటుంది. ఆ గోలంతా స్ఫటికానికి తగలకుండా చుట్టూ మందపాటి సీసం పెట్టె ఉండాలి. ఆటోనగర్‌లో లేతు షెడ్డున్న మా నాన్న ఉండగా ఇంకొకరి దగ్గరికి ఎందుకు వెళ్ళాలి? ఆయన్ను స్టూలు మీద కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాను.

"నాన్నా, అరటిపండులో పొటాషియం ఉంటాది. ఆ కాస్త రేడియేషన్‌కే నా స్ఫటికం మోసపోతాది. పెట్టె అయ్యేదాకా నీ షెడ్డులో అరటిపండు కనబడకూడదు."

నాన్న కళ్ళు పెద్దవి చేశాడు. "అరటిపండుకేనా? అంత నాజూకేటమ్మా నీ పిల్ల?"

"అంతే మరి."

"సరే, నాను సూసుకుంతాను గదా!"

బ్రహ్మాండంగా చూసుకున్నాడు. పెట్టె తయారైనన్నాళ్ళూ అరటిపళ్ళ బండిని వీధి మలుపులోనే ఆపేశాడు. పక్క షెడ్డు పెయింటరు ఒక పండు ఒలవబోతే, "బావా, అవతలికి పోయి తిను! మా అమ్మాయి పరిశోధన పాడైపోతాది" అని గాజువాక మెయిన్ రోడ్డు దాకా తరిమాడట.

పెట్టె వచ్చింది. మేడమ్ ఊళ్ళో లేని రోజు చూసి స్ఫటికాన్ని లోపల కూర్చోబెట్టాను, మూత వేశాను, కంప్యూటర్ ముందు చతికిలబడ్డాను. చడీచప్పుడూ ఉండకూడని చోట మెరుపులే మెరుపులు! బుద్ధున్నవాళ్ళయితే పెట్టెలో ఏముందో చూస్తారు. నేను స్వీటు షాపుకు వెళ్ళాను.

దారిలో నాన్నకు ఫోను. "నాన్నా, దొరికిపోయింది!"

"ఏటి దొరికింది?"

"ఎవరికీ దొరకనిది!"

"మన పెట్టెలోనా?" మరుక్షణం నాన్న ఫోను పక్కన పెట్టి ఎవరినో కేకేయడం వినిపించింది. "బావా! మా అమ్మాయికి దొరికేసిందట! మన పెట్టెలోనేనట!" ఆ రోజు ఆ వీధి మొత్తానికి టీ పోయించాడు.

మర్నాడు మేడమ్ ఒక చేత్తో రసగుల్లా పట్టుకుని తెర చూశారు. ఒక్కో పదార్థం రేడియేషన్‌కు తెర మీద గీత ఒక్కో చోట లేస్తుంది. ఒకచోట గుట్టలా లేచిన గీత మీద వేలు పెట్టారు.

"ఇది కృష్ణ పదార్థం కాదమ్మా. పొటాషియం."

"అరటిపండు గాలి కూడా సోకనివ్వలేదు మేడమ్!"

"అయితే మన స్ఫటికంలోనే ఉందన్నమాట. పెంచేటప్పుడే కలిసిపోయి ఉంటుంది." రసగుల్లా మళ్ళీ గిన్నెలో పెట్టేశారు. "మనకు డబ్బులిచ్చే కమిటీకి అదే చెప్పాలి. ఇది కల్తీదంటే మన పని ఇక్కడితో ఆపేస్తారు."

పెట్టె తీసుకెళ్ళడానికి రమ్మని నాన్నకు చెప్పానే గానీ, ఎందుకో చెప్పడానికి నోరు రాలేదు. ఆయనేమో నాకు సన్మానం జరుగుతోందనుకుని, పెళ్ళిళ్ళకు దాచుకున్న తెల్లచొక్కా తొడుక్కుని వచ్చాడు. జేబులో స్క్రూడ్రైవర్.

"ఏటమ్మా, ఏడుత్తన్నావ్? దొరికిందన్నావ్ గదా?"

"దొరకలేదు నాన్నా. నా స్ఫటికమే మంచిది కాదట. అంతా అయిపోయింది."

నాన్న కాసేపు నా తల మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. తర్వాత పెట్టె ముందు కూర్చుని లోపలి అడుగున ఉన్న ఇత్తడి పళ్ళెం మరలు విప్పాడు. దాని కిందినుంచి నల్లగుడ్డ మూట ఒకటి తీశాడు.

"ఇంత పెద్దది కట్టినా దిట్టి ఆగలేదు, సూడు. షెడ్డుకొచ్చినోడల్లా ఏటీ పెట్టి, ఏటీ పెట్టి అని కళ్ళప్పగించి సూసీవోడే!"

"ఏమిటండీ అది?" అన్నారు మేడమ్.

"పటికండి. కొత్త మిసనుకి పటిక కట్టకపోతే ఎలగండి?"

మేడమ్ నన్ను చూశారు. నేను మేడమ్‌ను చూశాను. పటికలో దండిగా పొటాషియం ఉంటుంది. ఆ సంగతి నాకు బాగా తెలుసు, ఎందుకంటే పదో తరగతిలో నేను పెంచిన మొట్టమొదటి స్ఫటికమే పటిక!

"నాన్నా! అందులోనూ పొటాషియమే!"

"నువ్వు అరటిపండొద్దన్నావు. పటికొద్దనలేదు గదమ్మా." అంతలోనే ఆయన ముఖం పాలిపోయింది. "అంటే... పాడుసేసింది నానేనా?"

"చెప్పలేదేం నాన్నా?"

"సదువుకున్నోళ్ళ మధ్య నీకు నామోషీ అని, కనబడకుండా ఎట్టేను."

నాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. ఆయన్ను పట్టుకుని రెండూ చేశాను. అంత ప్రేమను సీసం ఎలా ఆపుతుంది చెప్పండి?

పటిక లేకుండా మళ్ళీ లెక్క పెట్టాం. నాన్న వరండాలో బెంచీ అంచున, పరీక్ష రాసినవాడిలా కూర్చున్నాడు. సాయంత్రానికి తెర మీద ఆ గుట్ట మాయమైంది. మా స్ఫటికం శుభ్రంగా ఉంది. మేడమ్ గిన్నెలో పెట్టేసిన ఆ రసగుల్లా వెతుక్కుని మరీ తిన్నారు.

"మీ పటిక పుణ్యాన మా స్ఫటికం ఎంత చురుకైనదో తెలిసిందండీ" అన్నారు నాన్నతో.

నాన్న ముఖం వెలిగింది. "అయితే మళ్ళీ కట్టెయ్యమంటారా?"

"వద్దు!" ఇద్దరం ఒకేసారి అరిచాం.

ఆ పటిక ఇప్పటికీ మా ల్యాబులోనే ఉంది. కొత్త స్ఫటికం ఏది తయారైనా ముందు దాని పక్కన ఈ పటిక పెట్టి, కనిపెడుతుందా లేదా అని చూస్తాం. "సూసేవా, దిట్టి తియ్యకుండా మీకూ జరగదు" అంటాడు నాన్న. కాదనే ధైర్యం నాకు లేదు.

కనుక సమస్త గ్రహ నక్షత్రాల సాక్షిగా, సీసం పెట్టె మీద కుడిచెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: పెట్టెలో ఏముందో మా నాన్నను అడగకుండా, విశ్వంలో ఏముందో ఇంకెప్పుడూ చెప్పను.